ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఎక్కవలదు

మృగశిర ప్రవేశించినది. తొలకరి జల్లులతో పాటు బావుల యొద్ద మోటారులును తిరుగసాగినవి. విత్తనములను గూర్చియు, నారుమళ్లను గూర్చియు, ఎరువులను గూర్చియు ప్రతి యేటను ఈ కాలమున వ్రాయుట వాడుక. అయితే పైరును కాపాడుకొనుటకు ముందుగా పైరు పెట్టు మనిషిని కాపాడుకొనవలయును గదా! కావున ఈ మాసము విద్యుత్తును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్కలను బట్టి చూడగా, మన దేశమున ఇటీవలి సంవత్సరములలో ఏటేట పదివేలకు మించిన జనులు విద్యుద్ఘాతముచే మరణించుచున్నారు. పల్లెలలో జరుగు ఇట్టి మరణములలో అనేకము ఒకే తీరున నుండును. చీకటి పడువేళ వాన కురియును. బావి మోటారు ఆగిపోవును. ఫ్యూజు పోయినదని రైతు గ్రహించును. లైన్‌మనుకు కబురు పంపును. అతడు వేఱొక గ్రామమున నుండును. కొంతసేపు వేచి, పిమ్మట తడిసిన కాళ్లతో తానే ట్రాన్స్‌ఫార్మరు గద్దె యెక్కును. తరువాతి సంగతి వ్రాయ నక్కఱలేదు.

దీనికి రైతు అజ్ఞానమే కారణమని చెప్పి చేతులు కడుగుకొనువారు కొందఱు. లైన్‌మను సకాలమున రాకపోవుటయే కారణమని చెప్పువారు మఱికొందఱు. ఈ రెండు మాటలలోను కొంత నిజము గలదు గాని, విద్యుత్ సహకార సంఘములందు ఈ వాదమునకు తావు లేదని నా యభిప్రాయము. ఏలయన, అచ్చట తీగయు సభ్యునిదే, స్తంభమును సభ్యునిదే. లైన్‌మనుకు జీతమిచ్చు సంఘమును సభ్యునిదే. సభ్యుడు గద్దె యెక్కి మరణించినచో ఆ దోషము సంఘమును, సభ్యునిని, ఇరువురిని అంటును.

ఈ సంఘముల పుట్టుక మన చదువరులలో పలువురకు తెలియకపోవచ్చును. అమెరికా దేశమున 1935 ప్రాంతమున పదింట తొమ్మిది వ్యవసాయ క్షేత్రములకు విద్యుత్తు లేకుండెను. లాభము రాదని కంపెనీలు పల్లెలకు తీగలు లాగలేదు. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టము వచ్చిన పిమ్మట, ప్రభుత్వ ఋణముతో రైతులే సంఘములుగా చేరి తమ స్తంభములను తామే పాతించుకొనిరి. మన దేశమున ఈ యాలోచనకు దారి తీసినది వేఱొకటి కాదు, మనకు చిరపరిచితమైన పరపతి వ్యవహారమే. శ్రీ వెంకటప్పయ్యగారి అధ్యక్షతను గ్రామీణ పరపతిని సమీక్షించిన సంఘము చేసిన సిఫారసు మీదనే 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసినది. దాని తోడ్పాటుతో ప్రయోగాత్మకముగా ఐదు విద్యుత్ సహకార సంఘము లేర్పడినవి. వానిలో ఒకటి మన సిరిసిల్లది. 1970లో పని ప్రారంభించి రైతుల బావులకును, నేత మగ్గములకును ఒక్కరీతి విద్యుత్తు నందించినది. కర్ణాటకమున హుక్కేరి, మహారాష్ట్రమున ములా–ప్రవరా, గుజరాతున కొడినారు, ఉత్తరప్రదేశమున లక్నో తక్కిన నాలుగు. పిమ్మట అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పము ప్రాంతములలోను ఇట్టి సంఘములు స్థాపింపబడినవి.

అయితే సభ్యులదైన సంఘము సదా సభ్యులదిగానే యుండునని తలపరాదు. ములా–ప్రవరా సంఘము బాకీల వివాదము నడుమ 2011లో తన పంపిణీ హక్కును కోల్పోయినది. ఆస్తి మనదనుట సులభము. దానిని మనదిగా నిలుపుకొనుట కష్టము. ఈ మాట బాకీల విషయమున ఎంత నిజమో, ప్రాణరక్షణ విషయమునను అంత నిజము.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. రైతు గద్దె యెందుకెక్కును? "పైరు ఎండిపోవుచున్నది, ఆగలేను" అని అతడు చెప్పును. పొలముల వెంట తిరుగు వ్యవసాయ ప్రదర్శకుడనుగా ఈ మాటను గూర్చి నేను గట్టిగా చెప్పవలసియున్నది: ఒక్క రాత్రి నీరు లేనంత మాత్రమున ఏ పైరును చావదు. వరినే తీసికొందము. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ప్రచారము చేయుచున్న తడి–పొడి పద్ధతిలో, మడిలోని నీరు నేల మట్టమునకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయిన తరువాతనే మఱల నీరు పెట్టుదురు. అందువలన దిగుబడి తగ్గదు, నీరును ఆదా యగును. నాటిన తొలి దినములలోను, పూత సమయమునను మడిలో నీరు నిలుపుట మంచిదే. అయినను ఆ సమయములందు సహితము పగటివేళ లైన్‌మను వచ్చువఱకు వేచినచో పంట పోదు. మొక్కజొన్న, ప్రత్తి మొదలగు మెట్టపైరుల సంగతి చెప్పనేల? వర్షము కురియుచుండగా మోటారు కొఱకు గద్దె యెక్కుట మఱింత వింత. రైతును తొందరపెట్టునది పైరు యొక్క అవసరము కాదు, అతని మనస్సులోని ఆతురతయే.

ఒకప్పుడు ఈ ఆతురతకు కారణ ముండెను. కరెంటు వంతులవారీగా, అర్ధరాత్రి కొన్ని గంటలు వచ్చి పోవుచుండినప్పుడు, ఆ గంటలు తప్పినచో మఱునాటి వఱకు నీరు లేదు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా విధానము అమలులోనికి వచ్చినది. ఆంధ్రప్రదేశమున పగటివేళ తొమ్మిది గంటలు అను విధానము వచ్చినది. కాలము మారినను కాళ్లు మాత్రము పాత దారినే పోవుచున్నవి.

గద్దె మీద ఏమున్నదో తెలిసికొనుడు. ట్రాన్స్‌ఫార్మరు పైభాగమునకు వచ్చు తీగలలో 11,000 వోల్టులు. క్రింది భాగమున ఫేజునకు ఫేజునకు నడుమ 415 వోల్టులు. మనుష్యుని గుండెను నిలుపుటకు ఇందులో లేశము చాలును. ఇండ్లలో ప్రాణరక్షణకై బిగించు ఆర్.సి.సి.బి. అను స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు భూమిలోనికి జాఱిన మాత్రమున కరెంటును నిలిపివేయునట్లు చేయబడినది. ఐదు హార్సుపవరు మోటారు వాడుకొను విద్యుత్తులో అది రెండువందలవ వంతైనను కాదు. "ఎ.బి. స్విచ్చి దింపితిని గదా" యని కొందఱు ధైర్యపడుదురు. ఆ స్విచ్చికి మూడు ఫేజులకు మూడు బ్లేడు లుండును. తుప్పు పట్టియో, వంగియో వానిలో ఒకటి విడివడకున్నచో ఆ ఫేజున 11,000 వోల్టులు అట్లే నిలిచియుండును. చీకటిలో అది కంటికి కనబడదు. లైన్‌మను సహితము సబ్‌స్టేషను నుండి ఎల్.సి. తీసికొనక, తీగలో కరెంటు లేదని పరీక్షించి ఎర్తు చేయక పనికి పూనరాదని నియమము. నేర్చినవానికే ఇన్ని నియమము లున్నప్పుడు, నేర్వని మనము చేతి కఱ్ఱతో పోవుట యేమి?

ఫ్యూజు పోయినచోట దళసరి రాగితీగనో, అల్యూమినియము తీగనో చుట్టువారును గలరు. ఫ్యూజు తీగ సన్నగా నుండుట లోపము కాదు, దాని పనియే కరగిపోవుట. అది కరగకున్న మోటారు చుట్టలైనను, ట్రాన్స్‌ఫార్మరైనను కాలును. ఒకని తొందరకు ట్రాన్స్‌ఫార్మరు కాలినచో దాని క్రింది రైతులందఱి మోటారులును నిలిచిపోవును. మరమ్మతు ఖర్చు సంఘము ఖాతాలో, అనగా మన ఖాతాలోనే పడును.

ఈ వానకాలమున సభ్యులు పాటింపవలసిన కొన్ని సంగతులు:

మొదటిది, ఎర్తింగు. మోటారునకును, ఇనుప స్టార్టరు పెట్టెకును రెండు వేర్వేరు ఎర్తులు ఉండవలయునని నిబంధన. చెమ్మగల చోట గోయి త్రవ్వి, ఇనుప గొట్టము దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపి, అప్పుడప్పుడు నీరు పోయవలయును. వేసవిలో ఎండి పగిలిన ఎర్తు గోయి వానకాలపు తొలినాళ్లలో మనలను కాపాడదు. స్టార్టరును వానకు తడియని చోట చెక్కపై బిగింపవలయును. తడి చేతితో తాకరాదు.

రెండవది, కెపాసిటరు. అది మోటారునకు మేలు చేయునదే. కాని కరెంటు ఆపిన పిమ్మటను కొంతసేపు దానిలో విద్యుత్తు నిలువ యుండును. స్విచ్చి ఆపితిమి గదా యని వెంటనే దాని కొనలను తాకరాదు.

మూడవది, తెగిపడిన తీగ. దానికి పది మీటర్ల లోపలికి పోరాదు, పిల్లలను పోనీయరాదు. తడి నేల గుండ విద్యుత్తు వ్యాపించును. దాపున చిక్కుకొన్నవారు పెద్ద అంగలు వేయక, పాదములు రెండును దగ్గఱగా నుంచి మెల్లమెల్లగా జరుగుచు వెలుపలికి రావలయును. పశువుల ముందు కాళ్లకును వెనుక కాళ్లకును ఎడమెక్కువ గనుక అవి మనకంటె సులభముగా చచ్చును. స్తంభములకు గాని, స్టే తీగలకు గాని పశువులను కట్టరాదు.

నాలుగవది, ఇంటి దండెము. బట్టలారవేయు ఇనుప తీగను సర్వీసు వైరు దాపున కట్టుటచే ఇల్లాండ్రు మరణించుట తఱుచుగా వినుచున్నాము. ఇనుప తీగకు బదులు తాడు కట్టుడు. ఈ చిన్న పని నేడే చేయవచ్చును.

ఐదవది, అడవిపందులకై పొలము చుట్టు కరెంటు తీగ పఱచుట. ఇది రక్షణ కాదు, హత్యకు ఉచ్చు. ఆ తీగకు పంది యెవరో, పొరుగు రైతు కొడుకెవరో తెలియదు. 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము ఇది విద్యుచ్చౌర్యము. మనిషి మరణించినచో నేరము మఱింత ఘోరము. సోలారు కంచె యంత్రములు క్షణకాలము మాత్రము తట్టు అదురును పంపి పందిని బెదరించును గాని చంపవు. కలిసి కొనుట సహకారులకు తెలిసిన విద్యయే.

ఎవరికైనను ఘాతము తగిలినచో తొట్రుపడి పట్టుకొనరాదు. ముందు స్విచ్చి ఆపుడు. అది వీలుకాకున్న, ఇంటి కరెంటో మోటారు కరెంటో అయిన పక్షమున, పొడి చోట నిలిచి పొడి కఱ్ఱతో విడదీయుడు. 11,000 వోల్టుల తీగ యొద్ద మాత్రము సబ్‌స్టేషనులో కరెంటు ఆపువఱకు దాపునకు పోరాదు. 108కు కబురు చేయుడు. మనిషి పలుకక, ఊపిరి సరిగా ఆడకున్నచో, వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అఱచేతులను ఒకదానిపై నొకటి యుంచి, రెండంగుళములు దిగునట్లు, నిమిషమునకు 100 మొదలు 120 సారులు అదుముచుండుడు. వైద్య సహాయము వచ్చువఱకు ఆపరాదు. చచ్చినాడనుకొన్నవాడు బ్రతుకవచ్చును.

ఇంతవఱకు సభ్యుల ధర్మము. సంఘము ధర్మమును ఇంతకు తక్కువ కాదు. లైన్‌మను రాడను భయమే రైతును గద్దె యెక్కించుచున్నప్పుడు, "ఎక్కవలదు" అని కాగితములు పంచుటతో పాలకవర్గము పని తీఱదు. వానకాలమునకు ముందే ప్రతి ట్రాన్స్‌ఫార్మరును చూచి ఎర్తు సరిచేయుట, చేతికందు ఎత్తున వ్రేలాడు తీగలకు నడుమ స్తంభములు వేయుట, లైన్‌మనులకు చేతి తొడుగులు, నడుము పట్టీలు లోటు లేకుండ నిచ్చుట సంఘము చేయవలసిన పనులు. అన్నిటికంటె ముఖ్యముగా, ఫ్యూజు పోయినదని కబురందిన ఎన్ని గంటలకు మనిషి వచ్చెనో గ్రామము వారీగా లెక్క వ్రాసి ప్రతి మాసము సభ్యులకు తెలుపవలయును. రాబడి, ఖర్చుల లెక్క అడుగు మనము ఈ లెక్క అడుగకుండుట యేమి?

వార్షిక మహాజనసభలు జరుగు కాలము ముందున్నది. ఛార్జీలను గూర్చియు, పదవులను గూర్చియు అచ్చట మాటలు చాల నడచును. ఈ యేడు ప్రతి గ్రామము నుండి ఒక సభ్యుడైనను లేచి, "పోయిన యేడు మన తీగల వలన ఎందఱు చనిపోయిరి? వారిలో గద్దె యెక్కి చనిపోయినవా రెందఱు? కబురందిన పిమ్మట ఎంతసేపటికి మనిషి వచ్చెను?" అని యడుగవలయునని కోరుచున్నాను. అడిగినవానికి జవాబు చెప్పుట పాలకవర్గమునకు విధి. అడిగిన సభ్యుడు తాను కూడ గద్దె యెక్కనని, ఇతరులను ఎక్కనీయనని ఆ సభలోనే మాట యిచ్చుట మర్యాద.

సోదరులారా, ఆగిన మోటారు రేపు తిరుగును. వాడిన వరి రేపు తేఱుకొనును. ఆగిన గుండెకు మాత్రము ఏ సంఘమును ఫ్యూజు వేయజాలదు. ఈ వానకాలము మీ పంటలు పండునుగాక, మీ యిండ్లలో దీపములు వెలుగునుగాక.