లోపమెక్కడ? తప్పెవరిది?

కొత్తగా బిగించిన కంప్యూటరుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పదకొండు మందిమి చుట్టూ నిలబడి స్విచ్చి నొక్కితే అది ఉలకలేదు, పలకలేదు. లైటు వెలగలేదు. ఫ్యాను తిరగలేదు. కనీసం ఆ రాత్రి మేమంతా అలాగే అనుకున్నాం. నిజానికి ఫ్యాను కదిలింది. ఆ సంగతి తరవాత చెబుతాను. ఈ సావనీరుకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, దేశాన్ని పట్టి పీడిస్తున్న పెద్ద సమస్యలన్నీ విడిచిపెట్టి ఈ చిన్న విషయం ఎత్తుకున్నందుకు పాఠకులు మన్నించాలి. ఇది కంప్యూటరు కథే గాని, కంప్యూటరు చదువు చదివేవాళ్లకు మాత్రమే సంబంధించింది కాదని నా నమ్మకం.

జరిగింది ఇదీ. చివరి సంవత్సరం ప్రాజెక్టు పని కోసం హాస్టల్లో పదకొండు మందిమి తలా కొంత వేసుకుని ఒక కంప్యూటరు సమకూర్చుకుందామనుకున్నాం. విడిభాగాలు కొని మనమే బిగించుకుంటే అదే డబ్బుకు కాస్త మెరుగైనది వస్తుందని ఆశ. కొందరు స్కాలర్‌షిప్పు డబ్బు వేశారు. ఒకడు సెలవుల్లో ట్యూషన్లు చెప్పి కూడబెట్టింది వేశాడు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు సామాన్ల దుకాణాలకు పేరుపడ్డ చోటు. ఇద్దరం వెళ్లి, ఒక పూటంతా కొట్టు కొట్టూ తిరిగి, బేరాలాడి, అట్టపెట్టెలు ఒళ్లో పెట్టుకుని రాత్రి బస్సులో తిరిగొచ్చాం. బిగించే పని మా జూనియరు ఒకడు నెత్తికెత్తుకున్నాడు. అంతకు ముందు రెండు బిగించిన అనుభవం ఉన్నవాడు. మాలో మిగతావాళ్లకు స్క్రూడ్రైవరు పట్టుకోవడమే సరిగా రాదు.

స్విచ్చి నొక్కాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ తరవాత అందరూ మాట్లాడారు. "ప్రాసెసరు పెట్టేటప్పుడు పిన్నులు వంచేసి ఉంటావురా" అన్నాడొకడు. "ఎర్తు చూసుకోకుండా బోర్డు ముట్టుకున్నావు, కాలిపోయుంటుంది" అన్నాడింకొకడు. మంచి గడియ చూడలేదని మూడోవాడు. నేనూ ఊరుకోలేదు. అందరిలోకీ పెద్దవాణ్ణి, డబ్బు వసూలు చేసినవాణ్ణి. "చేతకానప్పుడు చేతకాదని ముందే చెప్పొచ్చుగా!" అనేశాను. "పొద్దున ఇంకోసారి చూస్తాను అన్నయ్యా" అన్నాడతను. ఆ రాత్రి మెస్సుకు భోజనానికి రాలేదు.

తెలుగులో 'తప్పు' అనే మాటతో ఒక చిక్కుంది. లెక్కలో వచ్చినదీ తప్పే, మనిషి చేసినదీ తప్పే. అందుకేనేమో, ఏదైనా పని చెయ్యకపోతే "లోపం ఎక్కడుంది?" అని అడగాల్సిన చోట "తప్పెవరిది?" అని అడగడం మనకు అలవాటైపోయింది. మొదటి ప్రశ్నకు జవాబు యంత్రంలో వెతకాలి. రెండో ప్రశ్నకు అంత శ్రమ అక్కర్లేదు. ఎదురుగా ఎవడో ఒకడు తల వంచుకుని నిలబడే ఉంటాడు.

మర్నాడు పొద్దున మా డిపార్టుమెంటు ల్యాబులో పనిచేసే బాబాయి మల్టీమీటరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎవరు బిగించారని అడగలేదు. "నొక్కితే ఏం జరిగిందయ్యా?" అని అడిగాడు.

"ఏం జరగలేదు బాబాయ్."

"అలా చెబితే ఎట్లా? మళ్లీ నొక్కండి. ఈసారి అందరూ ఫ్యాను మీదే చూపు పెట్టండి."

నొక్కాం. ప్రాసెసరు మీది ఫ్యాను పావుచుట్టు కదిలి ఆగిపోయింది. ప్లగ్గు పీకి, కాసేపాగి, పెట్టి నొక్కితే మళ్లీ అదే పావుచుట్టు. ముందురోజు రాత్రి పదకొండు మందిమి, ఇరవై రెండు కళ్లు, ఆ పావుచుట్టును చూడలేదు. మా కళ్లన్నీ మానిటరు మీదున్నాయి. ఆ తరవాత మా జూనియరు మొహం మీదున్నాయి.

ఆ పావుచుట్టు విలువ తెలియాలంటే స్విచ్చి సంగతి కొంచెం చెప్పాలి. 1995లో ఇంటెల్ కంపెనీ ఏ.టి.ఎక్స్. అనే ప్రమాణాన్ని తెచ్చింది. అంతకు ముందరి పీసీల్లో స్విచ్చి మన ఇంట్లో లైటు స్విచ్చిలాగే నేరుగా కరెంటును కలిపేది, విడదీసేది. ఏ.టి.ఎక్స్.లో అలా కాదు. ముందున్న బొత్తాము మదర్‌బోర్డు మీది రెండు పిన్నులను ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. అది ఒక అర్జీ పెట్టుకోవడం లాంటిదన్నమాట. బోర్డు ఆ అర్జీ అందుకుని ఒక ఆకుపచ్చ తీగ ద్వారా పవర్ సప్లైకి కబురు పంపితే, అప్పుడు 12, 5, 3.3 వోల్టుల సరఫరా మొదలవుతుంది. ప్లగ్గు పెట్టి వెనక స్విచ్చి వేసి ఉన్నంతసేపూ ఊదారంగు తీగలో 5 వోల్టులు రాత్రి కాపలావాడిలా మేలుకునే ఉంటాయి. ఎక్కడైనా షార్టు తగిలితే మంచి సప్లై తనను తాను కాపాడుకోవడానికి వెంటనే ఆగిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఫ్యాను పావుచుట్టు కదిలిందంటే గోడ ప్లగ్గులో కరెంటున్నట్టు. సప్లై వెనక స్విచ్చి వేసే ఉన్నట్టు. ముందు బొత్తాము అర్జీ బోర్డుకు చేరినట్టు. సప్లై బతికే ఉన్నట్టు. నాలుగు అనుమానాలు ఒక్క చూపుతో తీరిపోయాయి! మిగిలింది ఒకటే: సప్లై ఆగిపోయేటట్టు చేస్తున్నదేమిటి?

బాబాయి సప్లైని విడిగా తీసి, 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగనూ ఒక నల్ల తీగనూ చిన్న వైరు ముక్కతో కలిపి, మీటరుతో వోల్టులు చూశాడు. సరిగ్గా ఉన్నాయి. ఆ తరవాత ఒక్కొక్కటే తీయించాడు. గ్రాఫిక్సు కార్డు తీసి నొక్కితే అదే పావుచుట్టు. హార్డుడిస్కు తీగలు తీసినా అదే. మాలో ఒకడు తొందరపడి ర్యామ్ కూడా లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు: "ఒకేసారి రెండు మార్చావనుకో, బాగైనా దేనివల్ల బాగైందో నీకు తెలీదు." చివరికి బోర్డును క్యాబినెట్ నుంచి పూర్తిగా బయటికి తీసి, దాని అట్టపెట్టె మీదే పరిచి, ప్రాసెసరూ దాని ఫ్యానూ ఒక్క ర్యామూ మాత్రం ఉంచి, స్క్రూడ్రైవరు మొనతో ఆ రెండు పిన్నులూ తాకించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. ఆగలేదు.

మళ్లీ క్యాబినెట్‌లో పెడితే పావుచుట్టే. ఇక దాగడానికి లోపానికి చోటు మిగల్లేదు. క్యాబినెట్ అడుగురేకు మీద బోర్డును ఎత్తి పట్టుకునే ఇత్తడి స్టాండాఫ్‌లుంటాయి. పెద్ద సైజు బోర్డుకు సరిపడేటట్టు అవి ముందే బిగించి వచ్చాయి. మాది చిన్న బోర్డు. దానికి రంధ్రం లేని చోట ఒక స్టాండాఫ్ మిగిలిపోయి, బోర్డు అడుగున ఉన్న టంకం చుక్కలకు తగులుతోంది. కటింగ్ ప్లయరుతో తిప్పి దాన్ని తీసేశాం. కంప్యూటరు నడిచింది. ఖర్చు సున్న. పిన్నులు వంగలేదు, బోర్డు కాలలేదు. బిగించే ముందు ఆ స్టాండాఫ్‌లు సరిచూసుకోవలసింది నిజమే. కాని మేం మోపిన నేరాల్లో అతను ఒక్కటీ చెయ్యలేదు.

ఇలాంటి ఇబ్బంది రేపు మీకూ రావచ్చు గనుక నాలుగు ముక్కలు చెబుతాను. ముందు అదే ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి కరెంటుందో లేదో చూడండి. సప్లై వెనక చిన్న స్విచ్చి మరిచిపోవడం పెద్ద పెద్దవాళ్లకే జరిగింది. బోర్డుకు 24 పిన్నుల తీగ ఒక్కటే చాలదు. ప్రాసెసరు కోసం మూలన ఇంకో తీగ, ఎక్కువగా 8 పిన్నులది, పెట్టాలి. ర్యామ్ టక్కుమనేదాకా నొక్కాలి. ఫ్యాన్లు తిరుగుతూ ఉండి తెరమీద బొమ్మ రాకపోతే అది వేరే జబ్బు. మానిటరు తీగ గ్రాఫిక్సు కార్డుకు కాకుండా బోర్డుకు పెట్టారేమో చూడండి. ఒక కంపెనీ సప్లైకి ఇంకో కంపెనీ సప్లై తీగలు తగిలించకండి. అవి పట్టినా లోపలి వరస వేరుగా ఉండవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, సప్లై డబ్బాను ఎన్నడూ విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు అందులో సుమారు 325 వోల్టుల డి.సి. అవుతుంది, ప్లగ్గు పీకేసిన తరవాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన నిలవ ఉండవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. బాబాయి చేసిన పనిలో మాకు తెలియని శాస్త్రమేమీ లేదు. ఓమ్ సూత్రం ఇంటర్మీడియట్‌లోనే చదివాం. తెలియనిది పని చెయ్యని వస్తువు ముందు ఎలా నిలబడాలన్నదే. అది మనకు ఎవరూ నేర్పలేదు. మన ప్రాక్టికల్సు సంగతి మనకు తెలియనిదా? రీడింగు సరిగా రాకపోతే ఏం చేస్తాం? పోయినేటి సీనియరు రికార్డు తెచ్చి, రావలసిన రీడింగు రాసేస్తాం. ఎందుకు రాలేదని అడిగే తీరిక మనకూ లేదు, దిద్దేవాళ్లకూ లేదు. మూడేళ్ల చదువులో ప్రతి ప్రయోగమూ విజయవంతమే! ఇంత గొప్ప రికార్డు ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకూ ఉండి ఉండదు.

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే కంప్యూటరు మొరాయించింది. వెతగ్గా వెతగ్గా ఒక రిలేలో చిక్కుకుని చచ్చిన చిమ్మట దొరికింది. వాళ్లు దాన్ని దులిపి పారెయ్యలేదు. నమోదు పుస్తకంలో టేపుతో అంటించి పక్కన రాసిపెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. 'బగ్' అనే మాట అక్కడే పుట్టిందని చాలామంది అంటారు గాని, 1878 నాటికే ఎడిసన్ ఆ మాటను ఉత్తరంలో వాడాడు. మాట ఎక్కడ పుట్టినా, వాళ్లు చేసిన పని మాత్రం గొప్పది. లోపం దొరికితే సిగ్గుపడి దాచుకోలేదు. తేదీ వేసి పుస్తకంలో పెట్టారు. మన రికార్డుల్లో అలాంటి పేజీ ఒక్కటైనా ఉందా?

అందుకని అధ్యాపకులకూ, యూనియను నాయకులకూ నా మనవి. ప్రతి సెమిస్టరులోనూ ఒక్క ప్రాక్టికలు తరగతి పాడైన పరికరంతో పెట్టించండి. లోపం కనిపెట్టినవాడికే కాదు, కనిపెట్టలేకపోయినా ఏయే అనుమానాలను ఏ వరసలో తీర్చుకుంటూ వచ్చాడో నిజాయితీగా రాసినవాడికి కూడా మార్కులు ఇవ్వండి. మూలనపడ్డ పాత కంప్యూటర్లు రెండు మూడు ఒక బల్లమీద పెట్టి, ఆర్ట్సువాళ్లూ కామర్సువాళ్లూ సైతం విప్పి చూసుకునే ఏర్పాటు చెయ్యండి. సామాను పాడైపోతుందని కొందరంటారు. పాడైన సామానే అడుగుతున్నాం. సిలబసుకే టైము చాలడం లేదంటారు కొందరు. రావలసిన రీడింగులు కాపీ చెయ్యడానికి ఖర్చయ్యే టైములో ఒక వంతు చాలు. కొట్టువాడికి ఇస్తే బాగుచేసి ఇస్తాడుగా అనేవాళ్లూ ఉన్నారు. ఇస్తాడు, కాదనను. కాని మా గదిలో ఆ రాత్రి చెడింది కంప్యూటరు ఒక్కటే కాదు. ఆ రెండోదాన్ని బాగుచేసే కొట్టు ఏ బజారులోనూ లేదు.

రేపు మనలో కొందరు ఆఫీసుల్లో కూర్చుంటాం, కొందరు పాఠాలు చెబుతాం, కొందరు ఆసుపత్రుల్లో పనిచేస్తాం. ఏదో ఒకరోజు ఏదో ఒకటి పని చెయ్యదు. అప్పుడు మన కింద పనిచేసే కుర్రవాడి మొహం వంక ముందు చూస్తామా, ఫ్యాను వంక ముందు చూస్తామా అన్నది ఇక్కడ, ఈ ల్యాబుల్లోనే తేలిపోవాలి.

కంప్యూటరు నడిచిన రోజు అందరం కేకలు వేశాం, మెస్సులో స్వీటు పంచాం. మా జూనియరుకు మాత్రం నేను చెప్పవలసిన మాట చెప్పలేదు. పెద్దవాణ్ణన్న బిడియం అడ్డొచ్చింది. అతను మళ్లీ మామూలుగా "అన్నయ్యా" అని పిలుస్తుంటే ఇక అవసరం లేదులే అనుకున్నాను. అవసరం ఉంది. తమ్ముడూ, ఆ రాత్రి నేనన్న మాట తప్పు. అది లెక్కలో వచ్చే తప్పు కాదు, రెండో రకం తప్పు. ఈ సావనీరు నీ చేతికి వచ్చినప్పుడు ఈ పేజీ చదువుతావనే ఇది రాశాను.