యంత్రాల ముచ్చట్లు: ఇంజను బలం ఊపిరిలో వున్నది

దూరదేశం వెళ్ళిన మన పిల్లలు నాలుగు డబ్బులు కూడబెట్టగానే కొందరు ఇల్లు కొంటారు, కొందరు బంగారం కొంటారు. పాత కారు కొనేవారూ కొందరున్నారు. కిందటి నెల ఒక పెద్దాయన యీ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. వారి కుమారుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ, 1970లో తయారైన చెవ్రొలె చెవెల్ కారు కొన్నాడట. అందులో వున్నది 350 ఘనపుటంగుళాల వి-8 ఇంజను, రెండు గొంతుల కార్బురేటరు. "దీని బలం చాలదు, చాలా పెద్ద కార్బురేటరు తెప్పిస్తున్నాను" అన్నాడట కుర్రవాడు. డబ్బు వృథా కాకుండా, పిల్లవాడికి ప్రమాదం రాకుండా యీ పని జరిగే దారి వుందా అని తండ్రిగారి ప్రశ్న. వుంది, చెబుతాను.

ఇటువంటి బండ్లను అక్కడ మజిల్ కార్లంటారు. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజను బిగించటమే వీటి కిటుకు. 1964లో పాంటియాక్ వారు తమ టెంపెస్ట్ కారులో 389 ఘనపుటంగుళాల ఇంజను పెట్టి, జి.టి.ఓ. అని పేరు పెట్టటంతో యీ మోజు ముదిరింది. 1970లో చెవెల్‌కే 454 ఘనపుటంగుళాల ఇంజను 450 అశ్వశక్తితో వచ్చింది. మన కుర్రవాడి ఇంజనుకు కంపెనీ చెప్పిన లెక్క 250 మాత్రమే.

ఆ 250 అయినా పూర్తిగా నమ్మదగింది కాదు. ఆ రోజుల్లో ఇంజనును బల్ల మీద బిగించి, గాలి వడపోత, సైలెన్సరు వంటి బరువులేవీ తగిలించకుండా కొలిచేవారు. 1972 నుంచి అక్కడి కంపెనీలు అన్నీ తగిలించి కొలిచిన లెక్కనే ప్రకటించటం మొదలుపెట్టాయి. 1971లో చెవ్రొలె వారు రెండు లెక్కలూ ఇచ్చారు. కొర్వెట్ కారులోని ఎల్.టి.-1 అనే 350 ఇంజనుకు పాత లెక్కన 330, కొత్త లెక్కన 275. ఇంజను ఒకటే, కొలత మారింది. కనుక పాత కాగితాల మీది అంకెను ఇప్పటి కార్ల అంకెతో పోల్చి దిగులుపడనక్కరలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. కంసాలి కొలిమి చూడండి. బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదినంత మేరకే మంట లేస్తుంది. ఇంజనూ అంతే. ఒక పాలు పెట్రోలు మండటానికి తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. పెట్రోలు పొయ్యటం తేలిక, గాలిని లోపలికి రప్పించటమే కష్టం. ఇంజను బలం పెంచటమంటే, ఎక్కువ గాలిని లోపలికి రానిచ్చి, మండిన పొగను సులువుగా బయటకు పోనివ్వటమే. గాలి వచ్చే దారి పొడుగునా ఎక్కడ ఇరుకుంటే అక్కడే బలం ఆగిపోతుంది. ఒక్కచోట వెడల్పు చేసి తక్కినచోట వదిలేస్తే డబ్బు పోతుంది గాని బలం రాదు.

పెద్ద కార్బురేటరు సంగతి లెక్క వేసి చూద్దాం. యీ ఇంజను రెండు చుట్లు తిరిగితే 350 ఘనపుటంగుళాల గాలి పీలుస్తుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే 8,75,000 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 506 ఘనపుటడుగులు. ఏ మామూలు ఇంజనూ నిండా పీల్చదు. నూటికి ఎనభై అయిదు వంతులనుకుంటే 430. కనుక నిమిషానికి 600 ఘనపుటడుగులు ఇచ్చే నాలుగు గొంతుల కార్బురేటరు దీనికి ధారాళంగా సరిపోతుంది. అంతకంటే బాగా పెద్దది పెడితే, తక్కువ వేగంలో గాలి మందగించి, పెట్రోలు సరిగా కలవక, బండి తడబడుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కొత్త సామాను కొనేముందు, పోయిన బలం ఎంతో తెలుసుకోవాలి. ప్రతి సిలిండరులోనూ కంప్రెషన్ కొలిపించాలి. అన్నిటికంటే తక్కువది, ఎక్కువదానిలో నాలుగింట మూడు వంతులకు దిగకూడదు. దిగితే ఆ సిలిండరులో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలవాలి. అంకె పెరిగితే పిస్టను రింగులు అరిగినట్లు. పెరగకపోతే చాలామట్టుకు వాల్వులు కారుతున్నట్లు. తరువాత స్పార్కు సమయం చూడాలి. క్రాంకు షాఫ్టు ముందున్న చక్రం బయటి వలయానికీ లోపలి భాగానికీ నడుమ రబ్బరు వుంటుంది. యేళ్ళు గడిచి ఆ రబ్బరు జారితే పైనున్న గుర్తు అబద్ధం చెబుతుంది. గుర్తు సరి అని తేలాక, పాత హెడ్డులున్న యీ ఇంజనుకు ఎక్కువ వేగంలో మొత్తం 34 నుంచి 36 డిగ్రీల ముందు నిప్పు పడేలా సర్దాలి. ఇంజను టకటక కొట్టుకుంటే వెంటనే తగ్గించాలి. ఆ చప్పుడు పిస్టన్లను పగలగొడుతుంది.

ఆ పిదప ఊపిరి సంగతి. నాలుగు గొంతుల కార్బురేటరుకు దాని కింద మానిఫోల్డు కూడా మార్చాలి. అది కొనేముందే హెడ్డుల సంగతి తేల్చుకోవటం మేలు. 1996 నుంచి చెవ్రొలె ట్రక్కుల 350 ఇంజనుకు వోర్టెక్ అనే ఇనుప హెడ్డులు వచ్చాయి. గాలి దారి వీటిలో ఎంతో మేలు. పాత ఇంజనుకు ఇవి పడతాయి గాని మానిఫోల్డు బోల్టుల అమరిక వేరు. ముందు పాతరకం మానిఫోల్డు కొని తరువాత యీ హెడ్డులు తెస్తే మొదటిది అటకెక్కవలసిందే. పొగ ఒకే గొట్టంలోంచి పోతున్నట్లయితే, దాన్ని రెండు గొట్టాలు చేయించి, పోత ఇనుప మానిఫోల్డు బదులు గొట్టాల హెడర్లు వేయించుకోవచ్చు.

కామ్ షాఫ్టు దగ్గర ఆశ తగ్గించుకోవాలి. వాల్వులను ఎక్కువసేపు తెరిచి వుంచే కాము, ఎక్కువ వేగంలో బలమిస్తుంది. కాని బండి నిలిచి వున్నప్పుడు ఇంజను కుదురుగా ఆడదు, దాని పీల్పు పడిపోతుంది. పవర్ బ్రేకులకు ఆ పీల్పే ఆధారం. బలం పెంచుకోబోయి బ్రేకు పోగొట్టుకున్నట్లవుతుంది. కనుక మధ్యరకం కాము చాలు. వోర్టెక్ హెడ్డుల స్ప్రింగులు వాల్వును ఎంతవరకు లేవనిస్తాయో కూడా చూసుకునే కాము ఎంచుకోవాలి. పాతరకం కాముకు జింకు, భాస్వరం తగినంత వున్న ఆయిలు పొయ్యాలి. ఇప్పటి కార్ల ఆయిళ్ళలో అవి తగ్గించారు. అది తెలియక కొత్త కాములు అరగగొట్టుకున్నవారు అక్కడ ఎందరో వున్నారు.

ఇంజను ఎలాగూ విప్పవలసి వస్తే, సిలిండర్లను 30 వేయో అంగుళాలు తొలిచి, స్ట్రోకు 3.48 అంగుళాల నుంచి 3.75 చేస్తే 383 ఘనపుటంగుళాలవుతుంది. విప్పవలసిన అవసరం లేకపోతే మాత్రం యీ ఖర్చు జోలికి పోవద్దు.

ఇక తండ్రిగారి రెండో భయం. ఆ యేటి మామూలు చెవెల్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వేగం రెట్టింపయితే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 80 మైళ్ళ మీద వెళ్ళే బండిని ఆపటమంటే, 40 మైళ్ళ బండిని నాలుగుసార్లు ఆపినంత వేడి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, బ్రేకు పట్టు సడలుతుంది. అందుచేత కార్బురేటరుకు తీసి పెట్టిన డబ్బుతో మొదట ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, పాతబడిన బ్రేకు గొట్టాలకు బదులు కొత్తవి, మంచి టైర్లు వేయించాలి. తరువాత కంప్రెషన్, స్పార్కు. ఆ తరువాత హెడ్డులు, మానిఫోల్డు, కార్బురేటరు, పొగ గొట్టాలు, వాటికి సరిపడే కాము. యీ వరుస తప్పకుండా చేస్తే ప్రతి రూపాయికీ, కాదు, ప్రతి డాలరుకూ ఫలితం కనిపిస్తుంది.

చదువరులు యంత్రాలను గురించిన తమ సందేహాలు వ్రాసి పంపితే, రాబోయే సంచికలలో ముచ్చటించుకుందాం.