మీది వేరే, పెద్దాయనా

“మాకిక్కడ విలువ లేదు.” మొయినాబాద్, చేవెళ్ల దారిలోని ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదువు చెప్పేవాళ్లు నలుగురు కూడితే ఈ మాట రాకుండా ఉండదు. పన్నెండేళ్లు నేనూ అన్నాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆ విలువ తగ్గించిన కాగితాల మీద సంతకాలు మావే. ఈ సంగతి మాత్రం మాలో ఎవరమూ పైకి అనలేదు. ఏ కాలేజీ అన్నది చెప్పను. యాజమాన్యాల తప్పులు ఇన్నేళ్లూ లెక్కపెట్టాం. ఇక మా లెక్క చూసుకోవాలి.

పొద్దున్నే మెహిదీపట్నంలో కాలేజీ బస్సెక్కితే, అప్పా జంక్షన్ దాటాక బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల నీడ తగిలేది. ఆ నీడలో ఎవరి మొహంలోనూ తెరిపి ఉండేది కాదు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం పోతుంది. నెల జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు. ఎండాకాలం వస్తే అడ్మిషన్ల టార్గెట్లు. పీహెచ్‌డీ చేసినవాళ్లు కూడా కరపత్రాలు పట్టుకుని పరిగి, తాండూరు జూనియర్ కాలేజీల గేట్ల ముందు నిలబడాలి. మనసు చివుక్కుమనేది. బాధపడ్డాం, బస్సులో గొణుక్కున్నాం. అంతటితో సరి.

సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2019 మార్చి 1న ఏడో వేతన సంఘం స్కేళ్లను నోటిఫై చేసింది. దాని ప్రకారం కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయలు. మా బ్యాంకు ఖాతాల్లోనూ స్కేలు ప్రకారమే పడేది. ఆ సాయంత్రమే మొయినాబాద్ చౌరస్తాలో ఏటీఎం ముందు వరసలో నిలబడేవాళ్లం. మాట్లాడుకున్న జీతం ఉంచుకుని, మిగతాది తీసి, కవరులో పెట్టి, మర్నాడు అకౌంట్స్ సెక్షన్‌లో ఇచ్చేవాళ్లం. వరసలో ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. నా ముందున్నాయన ఒకసారి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, కవరు అంచు నాలుకతో తడిపి అంటించి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఎంటెక్‌లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న మనిషి. నా వంతు వచ్చింది. నేనూ అదే చేశాను.

మా కడుపు మేమే కొట్టుకున్నాం, ఎవరికీ నష్టం లేదులే అని సర్దిచెప్పుకున్నాం. అదీ నిజం కాదు. 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక రాష్ట్రాల్లో ఫీజుల కమిటీలు ఏర్పడ్డాయి. మన దగ్గర ఆ కమిటీ కాలేజీల జమాఖర్చులు చూసి మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేస్తుంది. ఆ ఖర్చుల్లో పెద్ద పద్దు అధ్యాపకుల జీతాలు. మేం కవర్లలో తిరిగిచ్చిన డబ్బు కూడా ఆ పద్దులో ఖర్చుగానే ఉంది. కింద మా సంతకాలున్నాయి.

మా క్లాసులో చేవెళ్ల పక్క ఊరి అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న తెల్లవారుజామున బంతిపూలు ట్రాలీ ఆటోలో వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయేవాడు. ఒకరోజు ఫీజు కాగితం పట్టుకుని వచ్చింది. “సార్, ర్యాంకు పదివేలు దాటింది గదా, మాకు 35 వేలే వస్తయంట. మిగిలింది మేమే కట్టాల్నంట. ఫీజు ఎందుకు పెంచిండ్రు సార్?” బీసీ విద్యార్థులకు పదివేల లోపు ర్యాంకు ఉంటే ప్రభుత్వం మొత్తం ఫీజు ఇస్తుంది. అది దాటితే చాలామందికి 35 వేలతో సరి. మిగతాది పూల మీద రావాలి. “కమిటీ పెంచింది తల్లీ” అన్నాను. కమిటీ ముందు పెట్టిన లెక్కల్లో నా చేతిరాత ఉందని చెప్పలేదు.

చేరిన రోజున పదో తరగతి మెమో నుంచి పీజీ పట్టా దాకా ఒరిజినల్స్ అన్నీ ఆఫీసులో ఇచ్చేశాం. వాటిని పెట్టుకునే హక్కు వాళ్లకు లేదని తెలుసు. తెలిసీ ఇచ్చాం. తర్వాత చేరినవాళ్లు జంకుతుంటే, “ఇవ్వండి, ఏం కాదు, అందరం ఇచ్చాం” అని ధైర్యం చెప్పింది కూడా మేమే.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని తేల్చింది. అంటే జీతం ఆగినా, ఉద్యోగం ఊడినా ఆ చట్టం పట్టుకుని కార్మిక న్యాయస్థానం మెట్లెక్కే వీలు మాకు ఉండేది కాదు. ఇంత పెద్ద లోటు మాకు గౌరవంగా తోచింది. మనం కూలీలం కాదు, గురువులం అనుకున్నాం. ఉన్న హక్కునూ పట్టించుకోలేదు. 2009లో పార్లమెంటు గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకూ వర్తించేలా చేసింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయిదేళ్లు దాటి పనిచేసి వెళ్లిపోతున్నవాళ్లకు వీడ్కోలు పార్టీలో శాలువాలు కప్పాం. గ్రాట్యుటీ అడిగావా అని ఒక్కరినీ అడగలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మా అటెండర్ పెద్దాయన సంగతి ఒక ఎత్తు.

కాలేజీ కట్టకముందు ఆ జాగాలో కొంత వాళ్ల పొలమే. “ఈ లైబ్రరీ ఉన్నకాడ మా బాయి ఉండె సార్” అని ఒకసారి చెప్పాడు. భూమి అమ్మాడు, పైసలు అయిపోయినయి, అదే భూమి మీద గంట కొట్టే పనిలో చేరాడు. మా టేబుళ్లు తుడిచేవాడు, చాయ్ తెచ్చేవాడు. జీతమెంత అని మాలో ఒక్కరమూ అడగలేదు.

2019 చివర్లో నాలుగు నెలల జీతాలు ఆగాయి. అర్జీ రాశాం. రాసింది నేనే. 34 మంది సంతకాలు పెట్టారు. పెద్దాయన చాయ్ గ్లాసులు తీస్తూ కాసేపు అక్కడే నిలబడి, “సార్, అండ్ల మా పేర్లు గూడ రాయిండ్రి. మాకు అయిదు నెలలాయె” అన్నాడు. “మీది వేరే, పెద్దాయనా. మీరు ఏజెన్సీ కింద కదా” అన్నాను. ఎవరూ కాదనలేదు. ఆయన సరే సార్ అని గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.

వేరే కాదు. అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం, కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమానే ఇవ్వాల్సింది. జీతాల విషయంలో కార్మిక శాఖ తలుపు మాకు మూసి ఉన్నా ఆయనకు తెరిచే ఉండేది. ఆ సంగతి చెప్పగలిగిన చదువు ఆ గదిలో 34 మందికి ఉంది. చెప్పలేదు. ఆయన పేరు పక్కన మా పేరుంటే మా అర్జీ చిన్నబోతుందనుకున్నాం. మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని మా మీదివాళ్లను తిట్టుకుంటూ, మా కిందివాళ్ల మీద అదే చూపు వాడాం. యాజమాన్యం ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడింది. వారం తిరిగేసరికి 34 సంతకాల్లో ఆరు మిగిలాయి. ఆ ఆరింటిలో నాది లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మాకు సగం జీతంతో ఆన్‌లైన్ క్లాసులు. బస్సు డ్రైవర్లను, ఆయాలను, అటెండర్లను రావద్దన్నారు. మరుసటి ఏడు ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ క్యూల ఫొటోలు చూసి మా వాట్సాప్ గ్రూపులో కన్నీళ్ల బొమ్మలు పెట్టుకున్నాం. మా పెద్దాయన ఇంటికి బియ్యం ఎవరు పంపారు? కాలేజీ తెరిచాక గంట వేరేవాళ్లు కొడుతున్నారు. ఆయనేమయ్యాడని ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు ఆ దారిలో పనిచేస్తున్న తోటి అధ్యాపకులకు ఒక్కటే చెప్పగలను. ఈసారి అర్జీ రాస్తే మొదటి పేరు గంట కొట్టేవాళ్లది, బస్సు నడిపేవాళ్లది రాయండి. కవరు ఇవ్వనని ఇద్దరు ముగ్గురు కలిసి అనండి. ఒంటరిగా అంటే ఏమవుతుందో నాకు తెలుసు. కలిసి అంటే ఏమయ్యేదో మేం ఒక్కసారీ చూడలేదు.

నిరుడు చిలుకూరు గుడికి వెళ్లి వస్తుంటే ఒక ఫాంహౌస్ గేటు దగ్గర పెద్దాయన కనబడ్డాడు. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పిల్లల సంగతి అడిగాడు. కాసేపాగి, “అప్పటి పైసలు మీకు వచ్చినయా సార్?” అన్నాడు.

“వచ్చినయి” అన్నాను.

“మంచిగైంది సార్” అన్నాడు. మరి మీవి వచ్చినయా అని నేను అడగాలి. అప్పుడు కూడా నాకు నోరు రాలేదు.