అశోక్‌నగర్ అభ్యర్థులూ.. నంబర్ సిరీస్‌ను పక్కన పెడుతున్నారా? ఈ లెక్క చూడండి!

2, 6, 12, 20, 30.. తర్వాత ఏంటి? చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్, నారాయణగూడ స్టడీ హాళ్లలో ఉద్యోగాల కోసం చదివేవాళ్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. పదో తరగతితో మ్యాథ్స్ వదిలేసిన ఆర్ట్స్ వాళ్లకైతే ఇదే గండం. పాలిటీ, హిస్టరీతో గట్టెక్కుదాంలే అనుకుంటారు.

కానీ మార్కులు చూస్తే సీన్ వేరు. 2023 జులై 1న జరిగిన గ్రూప్-4లో మొత్తం 300 మార్కులు. అందులో సగం, అంటే 150 మార్కులు పేపర్-2వే. మెంటల్ ఎబిలిటీ, రీజనింగ్, అర్థమెటిక్ అన్నీ అందులోనే. ప్రశ్నకు ఒక్క నిమిషమే. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో అయితే గంటలో 100 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. తప్పు రాస్తే అర మార్కు కోత!

మరి ఎలా? ముందు పక్కపక్క సంఖ్యల తేడాలు రాయండి. 4, 6, 8, 10. తర్వాతి తేడా 12. జవాబు 42.

అదే 20వ సంఖ్య అడిగితే? తేడాలు కూడుతూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది. ఇక్కడే ఆల్జీబ్రా పనికొస్తుంది. ఈ సిరీస్ 1×2, 2×3, 3×4.. అలా సాగుతోంది. కాబట్టి 20×21, అంటే 420.

ఒక్క జాగ్రత్త. 1, 2, 4 తర్వాత రెట్టింపు చేస్తే 8, తేడాలు చూస్తే 7. రెండూ కుదురుతాయి. అందుకే ఆప్షన్లు చూశాకే టిక్ పెట్టాలి. తేడాలు, రెట్లు, వర్గాలు.. మూడూ చూసినా తేలకపోతే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవడమే మేలు. ఎక్కడ ఆగాలో తెలియడానికీ రోజూ ప్రాక్టీస్ కావాలి.