ఆకాశానికి కావలి... కూలి ఎవరిచ్చారు?

దొర గడి ముందు మాదిగోడు రాత్రంతా కాపలా కాస్తాడు. కూలి అడిగితే 'కాపలా ఊరికి కదరా, ఊరే ఇయ్యాలె' అంటాడు దొర. తెల్లదొర ఇండియా ఆకాశానికి కావలి పెట్టినప్పుడూ లెక్క ఇట్లాగే తేల్చాడని మేమంటున్నాం.

1939 నవంబర్‌లో లండన్, ఢిల్లీ సర్కార్లు ఒప్పందం చేసుకున్నాయి. శాంతికాలపు మామూలు సైనిక ఖర్చు, దానిమీద పెరిగిన ధరలు, కేవలం ఇండియా ప్రయోజనం కోసం తీసుకునే యుద్ధచర్యలు - ఇవన్నీ ఇండియా ఖాతాలో. పైగా విదేశాల్లో ఉన్న సైన్యం పేరిట ఏకమొత్తంగా కోటి రూపాయలు. మిగతాది బ్రిటన్ భరిస్తుంది. వింటానికి న్యాయంగానే ఉంది. కానీ ఏది 'ఇండియా ప్రయోజనం'? ఒక విమానదళం కలకత్తాను కాస్తున్నదా, సామ్రాజ్యాన్ని కాస్తున్నదా? తేల్చేదెవరు? ఒప్పందం రాసిన రెండు చేతులూ ఒకే ఒంటివి. సైనిక ఖర్చు మీద కేంద్ర శాసనసభకు ఓటే లేదు. (ఆ సభలో మనోళ్లు ఎందరని అడగొద్దు. ఓటుహక్కు ఆస్తిని బట్టి ఉండేది.)

నిజాం సంగతి ఇంకా సొగసు. మొదటి యుద్ధంలో ఆయన డబ్బుతో విమానాలు కొని, 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ అదే పేరు. 1940లో ఇంగ్లండ్ ఆకాశాన్ని అది కాపాడింది. మహాదాత అన్నారు. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో మాలమాదిగలు వెట్టిలో ఉన్నారు. దానం చేసింది ఎవరి చెమటో ఏ విమానం మీదా రాయలేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాయి. ఇన్నేళ్లు కావలికూలి కట్టిన తీరానికి ఆరోజు తగిన కావలి లేదు.

మరి బ్రిటన్ భరిస్తానన్న వాటా? లండన్‌లో స్టెర్లింగ్ జమ రాసుకున్నారు, ఇక్కడ రిజర్వు బ్యాంకు దాన్ని చూపి నోట్లు కొట్టింది. యుద్ధం ముగిసేసరికి చలామణిలో నోట్లు ఆరు రెట్లు దాటాయి. ఇది ఎవరూ ఓటెయ్యని పన్ను. భూమి ఉన్నోడు, గింజలు దాచినోడు తట్టుకున్నాడు. పూటకూలోడు తట్టుకోలేకపోయాడు. రూపాయి విలువ పడితే లాభం వ్యాపారికి, దెబ్బ కూలికి అని బాబాసాహెబ్ 1920లలోనే వాదించాడు. 1943లో బెంగాల్‌లో ఆకలితో, రోగాలతో పోయినవాళ్లు ముప్పై లక్షల దాకా ఉంటారని అంచనా. పోయినవాళ్లలో భూమిలేని కూలీలు, చేపలు పట్టేవాళ్లే ఎక్కువ.

అగ్రవర్ణ చరిత్రకారులు మాత్రం యుద్ధం తర్వాత బ్రిటనే మనకు బాకీపడిందని, అది సుమారు 130 కోట్ల పౌన్లని గర్వంగా రాస్తారు. 'మనకు' అంటే ఎవరికి? పస్తులున్నోడి పేర ఏ ఖాతా తెరిచారు? 1948లో ఆ బాకీ తేల్చుకుంటూ, తెల్లవాళ్లు వదిలిపోయిన సైనిక సరుకులకూ కట్టడాలకూ ఇండియా అందులోంచే 10 కోట్ల పౌన్లు చెల్లించింది. తెల్ల ఉద్యోగుల పెన్షన్లకు ఇంకో 16 కోట్ల పైచిలుకు.