జెండా పాతారు, హక్కులివ్వలేదు

ప్యూర్టోరికోలో ఉంటున్న పేద వృద్ధులకు, వికలాంగులకు ఫెడరల్ ప్రభుత్వ నెలవారీ భృతి నిరాకరించినా రాజ్యాంగ విరుద్ధం కాదని 2022లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్లు 1917 నుంచీ అమెరికా పౌరులే. అధ్యక్ష ఎన్నికల్లో మాత్రం ఓటు లేదు.

దీని మూలం 1898లో ఉంది. ఆ ఏడాది స్పెయిన్‌ను ఓడించి అమెరికా ప్యూర్టోరికో, గ్వామ్, ఫిలిప్పీన్స్‌లను దక్కించుకుంది. ఆ దీవులకు రాజ్యాంగం పూర్తిగా వర్తించదని 1901లో కోర్టు చెప్పింది. అందులో ప్రధాన అభిప్రాయం రాసిన జస్టిస్ హెన్రీ బ్రౌనే, 1896లో నల్లవారికి రైళ్లలో వేరు పెట్టెలు సబబేనన్న ప్లెస్సీ తీర్పూ రాశారు. వేరు పెట్టెల చట్టాలు కూలాయి. దీవుల తీర్పులను మాత్రం కోర్టు ఇప్పటికీ కొట్టివేయలేదు.

ఊరికీ వాడకీ మధ్య గీత తెలిసిన మనం అగ్రరాజ్యాన్ని యుద్ధనౌకలతోనే కొలవకూడదు. దాని జెండా కింద సగం పౌరులుగా ఎవరిని ఉంచారో అడగాలి.