టీవీ లైసెన్సు పోయింది, వసూలు పోలేదు

ఇంట్లో టెలివిజన్ పెట్టుకోవడానికి పోస్టాఫీసులో రుసుము కట్టి, లైసెన్సు పుస్తకం దగ్గర ఉంచుకోవలసిన కాలం ఒకటి ఉండేదంటే నేటి విద్యార్థులు నమ్మరు. అయినా అది మరీ పాత ముచ్చట కాదు. 1970, 80 దశకాలలో రేడియోకు ఏడాదికి 15 రూపాయలు, టెలివిజన్‌కు 50 రూపాయలు చెల్లించవలసి ఉండేది. ఇన్‌స్పెక్టర్ ఇంటికి గానీ దుకాణానికి గానీ వచ్చి అడిగితే పుస్తకం చూపాలి. చూపలేకపోతే జరిమానా పడేది. పెట్టెను స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఆయనకు ఉండేది. 1980 దశకం మధ్యకాలంలో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతిని రద్దు చేసింది.

రద్దయినది లైసెన్సు మాత్రమే. ప్రేక్షకుని నుంచి వసూలు చేయడం ఆగలేదు. బొమ్మ ఇంటికి చేరే మార్గం మారినప్పుడల్లా ప్రేక్షకులను లెక్కించే చోటు మారింది. లెక్కించే చోటు మారినప్పుడల్లా భారం ఎవరిమీద పడాలన్నదీ మారింది. ఈ పరిణామాన్ని పరిశీలించడానికి ముంబయిలోని ఫోరస్ రోడ్, దాని పక్కనున్న కామాఠిపురా గల్లీలు తగిన చోటు. ఆ దారికి నేడు అధికారికంగా ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్ అని పేరు. మనవారి నోట అది ఇప్పటికీ ఫోరస్ రోడ్డే. నైజాం ఇలాకా నుంచి వలస వెళ్లి ఆ నగరపు కట్టడాలకు రాళ్లు మోసిన తెలుగు కూలీలను అక్కడివారు కామాఠీలు అన్నారు; పేటకు ఆ పేరే నిలిచింది. మన సరిహద్దు జిల్లాలలో ముంబయి చాళ్లతో బంధుత్వం లేని ఊరు అరుదు. కనుక ఇది మన ఇంటి విషయమే.

గుమ్మం దగ్గర లెక్క

ముంబయి దూరదర్శన్ కేంద్రం 1972 అక్టోబర్ 2న ప్రారంభమైంది. ఆనాడు బొమ్మ గాలిలో వచ్చేది. ప్రసార కేంద్రానికి తన బొమ్మను ఎవరు అందుకుంటున్నారో తెలిసే వీలు లేదు. అందువల్ల లెక్కించడానికి మిగిలిన చోటు ఒక్కటే: ప్రేక్షకుని గుమ్మం. కప్పు మీద ఏంటెనా కనిపిస్తే లోపల టీవీ ఉన్నట్టే. ఇన్‌స్పెక్టర్‌కు అదే ఆనవాలు.

ఈ విధానంలో లెక్కకు వచ్చేది పెట్టె, మనిషి కాడు. చాళ్లలో ఒక ఖోలీలో టీవీ ఉంటే వరండా పొడవునా ఉన్న వారందరూ అక్కడే చేరేవారు. ఇరవై మంది చూసినా లైసెన్సు ఒక్కటే. పేదవాడికి ఇది ఒక విధంగా మేలు చేసింది. అయితే ఆ 50 రూపాయలకు దక్కిన ప్రసారాలు ప్రధానంగా మరాఠీ, హిందీ, గుజరాతీ భాషలలో ఉండేవి. కామాఠిపురా తెలుగువాడు రుసుము అందరితో సమానంగా కట్టాడు. తన భాష మాత్రం అందరితో సమానంగా వినలేదు.

తీగ మీద లెక్క

1991 గల్ఫ్ యుద్ధం తరువాత ఉపగ్రహ చానెళ్లు, వాటి వెంట కేబుల్ తీగలు వచ్చాయి. 1995లో జెమిని, ఈటీవీ ప్రారంభమైనాయి. తెలుగు బొమ్మ ముంబయి గల్లీకి చేరడానికి దారి ఏర్పడింది. ఒక ఆపరేటర్ డిష్ పెట్టి, కప్పుల మీదుగా తీగ లాగి, వందల ఖోలీలకు ప్రసారాలు ఇచ్చేవాడు. కప్పు మీది ఏంటెనా మాయమైంది. దానితో పాటు ఇన్‌స్పెక్టర్‌కు ఆనవాలూ మాయమైంది.

1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం కింద ఆపరేటర్లు హెడ్ పోస్టుమాస్టర్ వద్ద నమోదు చేసుకోవలసి వచ్చింది. 2025 జనవరిలో ఆ బాధ్యత సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు, ఆన్‌లైన్ పద్ధతికి మారింది. అంటే ఒకప్పుడు ప్రేక్షకునికి పుస్తకం ఇచ్చిన పోస్టాఫీసే, తరువాత మూడు దశాబ్దాలు ఆపరేటర్‌కు ధృవపత్రం ఇచ్చింది. నిఘా గుమ్మం నుంచి గల్లీ మొదటికి జరిగింది.

మహారాష్ట్ర ప్రభుత్వం ముంబయిలో కనెక్షన్‌కు నెలకు 45 రూపాయల చొప్పున వినోదపు పన్ను విధించింది. కనెక్షన్లు ఎన్నో చెప్పవలసినవాడు ఆపరేటరే. ఉదాహరణకు వంద కనెక్షన్లు ఉన్న ఆపరేటర్ ఇరవై మాత్రమే చూపితే, 4,500 రూపాయలకు బదులు 900 చెల్లించి బయటపడతాడు. కనెక్షన్లను తక్కువ చేసి చూపడం దేశమంతటా ఉన్న జాడ్యమే. చందాలో పన్నును కలిపి కట్టిన కూలీ మాత్రం తన వంతు ఎగవేయలేదు. రశీదు లేని చెల్లింపు ఖజానాకు చేరిందో లేదో అతనికి తెలిసే మార్గమూ లేదు. ఇంకొక అన్యాయం: మలబార్ హిల్ భవంతికీ, పది అడుగుల ఖోలీకీ పన్ను ఒకటే.

పెట్టెలో లెక్క

ఈ ఎగవేతకు మందుగా వచ్చినదే సెట్‌టాప్ బాక్సు. 2002 చట్ట సవరణ ఫలితంగా 2006 డిసెంబర్ 31 నుంచి దక్షిణ ముంబయిలో ఈ పద్ధతి మొదలైంది. ఉచిత చానెళ్లకు నెలకు 77 రూపాయలు, ఒక్కొక్క పే చానెల్‌కు గరిష్ఠంగా 5 రూపాయలు అని నాడు ట్రాయ్ ధర కట్టింది. 2011లో చట్టాన్ని మళ్లీ సవరించి, 2012 అక్టోబర్ 31 గడువుగా ముంబయి నగరమంతటా డిజిటల్ పద్ధతిని తప్పనిసరి చేశారు.

ప్రతి బాక్సుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది. ఆపరేటర్ మాట మీద ఆధారపడవలసిన పని తగ్గింది. ఇన్‌స్పెక్టర్ వందేళ్లు తిరిగినా చేయలేని లెక్క యంత్రం క్షణంలో చేస్తుంది. పైగా అతడు పుస్తకం లేనివాడిని పట్టుకోవలసి ఉండేది. బాక్సుకు ఎవరినీ పట్టుకోనవసరం లేదు. డబ్బు అందకపోతే బొమ్మ ఆగిపోతుంది. ఈ విధానంలో అమలూ శిక్షా ఒకటే.

దీనివల్ల ఖజానాకు మేలు జరిగిందన్నది కాదనలేము. చాళ్లలో జరిగినదేమిటి? పాత తీగను చీల్చి రెండు మూడు ఖోలీలవారు పంచుకునే వీలుండేది. బాక్సు వచ్చాక ప్రతి టీవీకీ ఒక బాక్సు కావాలి. గల్లీలో తెలుగువారు ఎక్కువగా ఉంటే ఆపరేటర్ అందరికీ కలిపి తెలుగు చానెళ్లు ఇవ్వగలిగేవాడు. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన ట్రాయ్ కొత్త విధానంలో ఎవరి చానెళ్లు వారు ఎంచుకొని, వాటికి విడిగా చెల్లించవలసి వచ్చింది. నాడు వంద చానెళ్లకు 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. తెలుగు పే చానెళ్ల ధర దానికి అదనం. తన భాష వినడానికి పేదవాడు విడిగా ధర కట్టే స్థితి ఏర్పడింది.

డీటీహెచ్ మరొక చిక్కు తెచ్చింది. ఉపగ్రహపు నీడ దేశమంతటా పడుతుంది. నిజామాబాద్ చిరునామాతో తీసుకున్న బాక్సు ముంబయిలోనూ పనిచేయగలదు. రాష్ట్రాలు వేర్వేరుగా వినోదపు పన్ను వేసిన రోజులలో, చూసే చోటు ఒక రాష్ట్రం, పన్ను వెళ్లే చోటు మరొక రాష్ట్రం అయ్యే అవకాశం ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి రాష్ట్రాల పన్నును తనలో కలుపుకొనేదాకా సరిహద్దుకు ఈ విషయంలో అర్థం లేకుండా పోయింది.

ఫోనుకు లెక్క ఎక్కడ?

ఇప్పుడు బొమ్మ ఫోనులోకి వచ్చింది. తెలుగు వార్తా చానెళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తున్నాయి. కేబుల్ చట్టానికి ఇక్కడ పట్టు లేదు. రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ ఉంది. కానీ అది చూసినది వార్తలా, పాఠమా, ఊరిలోని తల్లితో వీడియో మాటలా అని విడదీయదు.

ఇతర దేశాలు రెండు దారులు తొక్కాయి. బ్రిటన్ లైసెన్సును అలాగే ఉంచి, దాని పరిధిని పెంచుతూ పోయింది. 2016 సెప్టెంబర్ నుంచి బీబీసీ ఐప్లేయర్‌కు కూడా లైసెన్సు తప్పనిసరి. అక్కడ ఏ చానెల్‌నైనా ప్రత్యక్ష ప్రసారంగా చూస్తే, అది తెలుగు చానెలైనా, చూసేది ఫోనులోనైనా లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్‌లో ఆ రుసుమును ఏడాదికి 174.50 పౌండ్లు చేశారు. గదిలో కూర్చొని ఫోను చూసేవాడిని కనిపెట్టడం ఎలాగన్నదే అక్కడి తలనొప్పి. జర్మనీ ఆ వెతుకులాటనే మానుకుంది. 2013 నుంచి టీవీ ఉన్నా లేకున్నా నివాసానికి ఒకటి చొప్పున రుసుము వసూలు చేస్తోంది.

మన దేశంలో ఇంటర్నెట్ అవసరం లేకుండా నేరుగా మొబైల్‌కు ప్రసారాలు పంపే డీ2ఎం పద్ధతిని 19 నగరాలలో పరీక్షించనున్నట్లు 2024 జనవరిలో ప్రకటించారు. అది అమలైతే బొమ్మ మళ్లీ గాలిలోనే వస్తుంది. చందా కట్టించుకొని సంకేతాలకు తాళం వేస్తే తప్ప, ఎవరు చూస్తున్నారో ప్రసార కేంద్రానికి తెలియదు. 1972 నాటి చోటుకే తిరిగి వచ్చినట్టవుతుంది.

మనం అడగవలసిన ప్రశ్న

లెక్కించే మార్గం మూసుకుపోయినప్పుడు ప్రభుత్వాలు కొత్త కొలమానం వెతుకుతాయి. ఆ కొలమానం ఏది అన్నదే పేదవాడికి ప్రాణప్రదమైన ప్రశ్న. ఒక ఖోలీలో ఎనిమిది మంది కూలీలు కలిసి ఉంటున్నారనుకుందాం. టీవీకి ఇంత అంటే వారిది ఒక రుసుము. నివాసానికి ఇంత అన్నా ఒకటే. ఫోనుకు ఇంత అంటే ఎనిమిది. భవంతిలో నలుగురున్న కుటుంబానికి నాలుగు. పన్ను రేటు మారకుండానే, లెక్కించే వస్తువు మారినంత మాత్రాన, ఒక గది భవంతికి రెట్టింపు చెల్లిస్తుంది.

కాబట్టి ప్రసార రంగానికి ఏ కొత్త చట్టం వచ్చినా, రుసుము ఎంత అనే ప్రశ్నకు ముందు దేనిని లెక్కిస్తారు అనే ప్రశ్న వేయాలి. ప్రజా ప్రసారాల ఖర్చును ఆదాయాన్ని బట్టి పన్ను కట్టే సాధారణ ఖజానా నుంచి భరించడమే న్యాయం. యాదగిరి, సప్తగిరి చానెళ్లు డీడీ ఫ్రీ డిష్‌లో నెల చందా లేకుండా వస్తున్నాయి. అయితే ఇరుకు గల్లీలో, సొంత కప్పు లేని అద్దెదారుకు డిష్ పెట్టుకునే చోటే దొరకదు. చాళ్లకు కప్పు మీద ఒక ఉమ్మడి డిష్ ఏర్పాటు చేయడం కార్పొరేషన్‌కు గానీ, అక్కడి తెలుగు సంఘాలకు గానీ మించిన పని కాదు. అంతవరకు మనవారు చేయగలిగినది ఒకటుంది: బాక్సు తమ పేరున తీసుకోవాలి, చెల్లించిన ప్రతి నెలా రశీదు అడగాలి. పన్ను కట్టినవాడి చేతిలో దానికి రుజువు ఉండాలి.